ఇంటికి లైనింగు

ఆ వీధిలో ఆవిడ అసలు పేరు ఎవరికైనా గుర్తుందా అన్నది అనుమానమే. పిల్లలకీ, పెద్దలకీ, పాలు పోసేవాడికీ, అందరికీ ఆవిడ మిషనక్క. కుట్టుమిషను ముందు కూర్చుంటే ఆకలిదప్పులు తెలియని మనిషి కనక ఎవరో సరదాకి అన్నారు, అది కాస్తా అతుక్కుపోయింది. కట్టుకున్న మొగుడు కూడా ఒకసారి ఫోనులో ఎవరితోనో "మిషనక్క పనిలో ఉందండీ, కాసేపాగి చెయ్యండి" అనేసి, వెనకే నిలబడి వింటున్న ఆవిణ్ణి చూసి నాలిక కరుచుకున్నాడు.

అంతటి మిషనక్కకీ పెళ్ళయి వచ్చిన కొత్తలో సూదిలో దారం ఎక్కించడం రాదు. అసలు దర్జీ అత్తగారు. స్కూలు యూనిఫాంల దగ్గర్నుంచి చలికోట్ల దాకా ఆ చుట్టుపక్కల ఎవరి ఒంటిమీద గుడ్డయినా ఆవిడ చెయ్యి పడాల్సిందే. మనిషి నోటికి కాస్త దురుసు. కొత్తకోడల్ని పక్కన ముక్కాలిపీట మీద కూర్చోబెట్టుకుని మొదటిరోజే ఒక చొక్కా చేతికిచ్చింది. "ఎలా ఉందో చెప్పు" అంది. కోడలు కాలరు చూసింది, జేబు చూసింది, బాగుందంది. అత్తగారు ఆ చొక్కాని లాక్కుని, లోపలి పక్క పైకి వచ్చేలా తిరగేసి మళ్ళీ ఒళ్ళో పడేసింది. "ఇప్పుడు చూసి చెప్పు. పైపక్క అందరూ చూస్తారే పిల్లా. తొడుక్కున్నవాడి ఒంటికి తగిలేది లోపలిపక్క" అంది. ఆ రోజునించీ ఏ బట్ట చేతికొచ్చినా ముందు తిరగేసి చూడడం మిషనక్కకి అలవాటయిపోయింది.

పని నేర్చుకునే రోజుల్లోనే ఒక ఘనకార్యం చేసింది. ఎవరో పెద్దింటావిడ కొడుక్కని తెచ్చిన ఖరీదైన కోటుగుడ్డని కత్తిరించమని అత్తగారు నమ్మి చేతికిస్తే, రెండు చేతులూ ఎడమచేతికే కత్తిరించి పెట్టింది. చూసుకునేసరికి పైప్రాణాలు పైనే పోయాయి. ఆ పెద్దింటావిడ వచ్చి అగ్గిమీద గుగ్గిలమైపోతుంటే, కోడలు తలుపుచాటున బిక్కచచ్చి నిలబడింది. అత్తగారు మాత్రం తాపీగా కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "నా కళ్ళు మసకేశాయమ్మా. తప్పు నాదే" అంది. ముప్పైఏళ్ళుగా సంపాదించుకున్న పేరు మీద తనే ఆ మచ్చ వేసుకుంది. తరవాత కోడల్ని పల్లెత్తుమాట కూడా అనలేదు. ఆ గుడ్డలోంచి కుదిరినంత చిన్నపిల్లాడి కోటు కుట్టించి, "విప్పి కుట్టుకుంటే ఏ తప్పయినా సర్దుకుంటుంది. విప్పడానికి సిగ్గుపడకూడదు" అంది. ఆ కోటు ఎవరికి పోయిందో గాని, ఆ మాట మటుకు కోడలి మనసులో ఉండిపోయింది. అత్తగారంటే ఆవిడకి అప్పట్నించీ భయం పోయి ప్రాణమైపోయింది.

వాళ్ళ కాపురమంతా రేకుల కప్పు కింద. ముందు గదిలో మిషన్లు, వెనక గదిలో వంటా పడకా. చలికాలంలో బాగానే ఉండేది. ఎండాకాలం వస్తే మాత్రం పగలంతా ఇస్త్రీపెట్టె కింద బతుకుతున్నట్టుండేది. ఇస్త్రీపెట్టెను కనీసం ఆపుకోవచ్చు, రేకును ఎవడాపుతాడు? అత్తగారికి వయసు మీదపడ్డాక ఆ వేడి అస్సలు పడలేదు. ఒక ఎండాకాలం మధ్యాహ్నం గుండీలు కుడుతూ కుడుతూ సూది చేతిలో ఉండగానే పక్కకి ఒరిగిపోయింది. కొడుకు వ్యాను తోలుకుంటూ ఎక్కడున్నాడో తెలియదు. మిషనక్కే తడిగుడ్డ చుట్టి, ఎదురింటివాళ్ళ సాయంతో ఆస్పత్రికి చేర్చింది. పెద్దావిడ బతికి బయటపడింది. డాక్టరు మాత్రం వరండాలోకి పిలిచి మెల్లిగా చెప్పాడు. "ఈసారికి గట్టెక్కారు. ఇంకో ఎండాకాలం అదే రేకుల కింద ఉంచారంటే నేను చెయ్యగలిగింది ఏమీ ఉండదు."

ఆ మాటతో మొదలైంది కొత్త ఇల్లు. వీధి చివర ఎప్పుడో కొని వదిలేసిన చిన్న స్థలం ఉంది. మిషనక్క తమ్ముడే మేస్త్రీ. "వచ్చే ఎండలకి అత్తయ్య ఆ ఇంట్లో ఉండాలిరా. ఎలా చేస్తావో నాకు తెలియదు" అని తమ్ముడి చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది. వాడు పునాది తీస్తుంటే పోరింది, గోడలు లేస్తుంటే పోరింది, పైకప్పు పడ్డాక మరీ పోరింది. రోజూ పొద్దున్నే అక్క గొంతు వినబడితే చాలు, వాడు ఇటుకల చాటుకి పోయేవాడు.

అయితే ఆ ఊళ్ళో కొత్తగా కట్టే ఇళ్ళకి ఒక నిబంధన ఉంది. పైకప్పు మీద వేడిని ఆపే పలకలు పరిచి, వాటిపైన తెల్లటి పెంకులు వెయ్యాలి. పడమటి కిటికీలకి నీడ ఉండాలి. తలుపుల చుట్టూ, కిటికీల చుట్టూ గాలి దూరే సందులుండకూడదు. ఇవన్నీ సరిచూసి ఇన్‌స్పెక్టరు సంతకం పెడితేగాని ఇంటికి కరెంటు ఇవ్వరు, అందులో కాపురం ఉండనివ్వరు. కరెంటు తక్కువ ఖర్చయ్యేలా, ఇల్లు తనంత తనే చల్లగా ఉండేలా కట్టించడం దాని ఉద్దేశం. ఉద్దేశం మంచిదే కావచ్చు గాని, ఇల్లు కట్టుకునేవాళ్ళెవరూ ఆ నిబంధనని మెచ్చుకోగా ఈ కథ చెప్పేవాళ్ళు వినలేదు.

ఆ ఇన్‌స్పెక్టరుకి అందరూ పెట్టిన పేరు అగరొత్తి సారు. చిన్న సంచీతో వస్తాడు. అందులోంచి ఒక అగరొత్తి తీసి వెలిగించి, కిటికీ చట్రం వెంబడి మెల్లిగా తిప్పుతాడు. పొగ నిటారుగా లేస్తే ముందుకి కదులుతాడు. పొగ వణికిందా, అక్కడ సందు ఉన్నట్టే, సంతకం లేనట్టే. నవ్వడు, కసరడు, టీ ఇస్తే తాగడు. అలాంటి మనిషితో బేరమాడడం ఎవరి తరం?

ఆయన వచ్చే ముందురోజు మిషనక్క తనూ ఒక అగరొత్తి వెలిగించి కొత్తింటి కిటికీల దగ్గర తిప్పి చూసింది. పొగ తైతక్కలాడింది. తమ్ముడు చట్రానికీ గోడకీ మధ్య సందుని సరిగా పూడ్చకుండా పైపైన పూత పూసేశాడు. వాడికి ఫోను చేస్తే ఏదో పనిమీద పొరుగూళ్ళో ఉన్నాడు. ఇంక ఇన్‌స్పెక్టరు తప్పు పట్టి వెళ్ళిపోతే మళ్ళీ ఎప్పుడొస్తాడో. అప్పటికే పగటిపూట రేకులు చిటపటమంటున్నాయి. అత్తగారు మధ్యాహ్నం కంచం ముందు కూర్చుని తినకుండా లేచిపోతోంది.

అప్పుడు మిషనక్క ఒక దర్జీ మాత్రమే చెయ్యగల పని చేసింది. మిషను కింద పడి ఉన్న యూనిఫాం గుడ్డ పీలికలన్నీ పోగేసింది. ముక్కకీ ముక్కకీ మధ్య గాలి దూరుతుందేమోనని వాటన్నిటినీ కొసకి కొస కలిపి గట్టిగా కుట్టేసింది. ఆ పొడుగాటి నీలం తాడుని కత్తెర మొనతో ప్రతి కిటికీ చుట్టూ సందుల్లోకి కూరి, పైన తెల్లటి పుట్టీ రాసింది. ఎక్కడా ముడతగాని, ఉబ్బుగాని లేదు. ఎంతైనా పనిమంతురాలు.

మర్నాడు అగరొత్తి సారు వచ్చాడు. కొత్తిల్లు చూస్తానని పేచీ పెట్టిన అత్తగారిని కూడా తీసుకొచ్చి ముందు గదిలో కుర్చీ వేసి కూర్చోబెట్టారు. సారు అగరొత్తి వెలిగించాడు. మొదటి కిటికీ చుట్టూ తిప్పాడు. పొగ బుద్ధిగా, నిలువుగా లేచింది. మిషనక్క గుండెల్లో బరువు దిగింది. రెండో కిటికీ దగ్గరా అంతే. అక్కడ ఆయన కాస్త ఆగి, కళ్ళజోడు సవరించుకుని, చట్రం మూలలోంచి ఈగ మీసమంత నీలం దారప్పోగు వేలాడుతుంటే రెండువేళ్ళతో పట్టుకుని లాగాడు.

దారం వెంట పీలిక వచ్చింది. పీలిక వెంట ఇంకో పీలిక వచ్చింది. కొసకి కొస గట్టిగా కుట్టిందాయె, తెగితేనా! సారు రెండు చేతులా లాగుతూనే ఉన్నాడు, అది వస్తూనే ఉంది. పుట్టీ పెచ్చులు పెచ్చులుగా రాలి ఆయన బూట్ల మీద పడింది. చివరికి కిటికీ చుట్టుకొలతంతా ఆయన చేతుల్లో పోగుపడింది.

కుర్చీలోంచి అత్తగారు పకపకా నవ్వింది. "కుట్టు మాత్రం గట్టిగా వేసిందండీ మా కోడలు. అది నేను నేర్పిందే" అంది.

నవ్వడని పేరుపడ్డ సారు కూడా మూతి బిగించుకోలేకపోయాడు. "కుట్టులో తప్పేం లేదమ్మా. కానీ గుడ్డ కదా, మొదటివానకే తడుస్తుంది. కుళ్ళుతుంది. ఆ తరవాత ఎలకలు కాపురం పెడతాయి" అన్నాడు. మిషనక్క మొహం కందగడ్డయింది.

అంతటితో పోతే బాగుండేది. ఆయన వెనక గదిలోకి నడిచి, సంచీలోంచి వేడి కొలిచే చిన్న యంత్రం తీసి పైకప్పుకేసి పట్టాడు. మళ్ళీ ముందు గదిలోకొచ్చి అక్కడ పట్టాడు. ఇంకోసారి వెనక గదిలోకి వెళ్ళాడు. "ఈ గది ఎవరికమ్మా?" అని అడిగాడు.

"మా అత్తయ్యకండీ."

"ముందు గది కప్పు చల్లగానే ఉంది. ఇక్కడ కాలిపోతోంది. పెంకుల కింద పలకలున్నట్టు లేవు. విప్పించి చూడండి. సరిచేశాక కబురు పెట్టండి, వస్తాను."

మిషనక్కకి కళ్ళనీళ్ళు తిరిగాయి. "సార్, సార్, మీకు దణ్ణం పెడతాను. ఇప్పుడు పైకప్పు విప్పితే ఎండలు ముదిరిపోతాయండీ. మా అత్తయ్య పోయినేడే చావు తప్పి బయటపడింది. ఇంకా ఆ రేకుల కిందే ఉంచమంటారా? ఒక్క సంతకం పెట్టండి. తరవాత మేమే చేయించుకుంటాం."

"ఆవిడ కోసమేనమ్మా చెబుతున్నది. కోటుకి లైనింగు లేకపోతే ఏమవుతుంది? పైకి కోటులాగే ఉంటుంది. తొడుక్కున్నవాళ్ళకి తెలుస్తుంది. ఇదీ అంతే. ఈ గదికి లైనింగు లేదు."

ఆ మాట సరిగ్గా తగలవలసిన చోటే తగిలింది గాని, అప్పుడావిడ వినే స్థితిలో లేదు. ఒంటికాలి మీద లేచింది. "మీకేం సార్! సంతకం పెట్టనని వెళ్ళిపోయి, మీ ఇంట్లో మీరు చల్లగా పడుకుంటారు. ఉడికి చచ్చేది మేమే కదా!"

అగరొత్తి సారు ఏదో అనబోయి ఊరుకున్నాడు. అగరొత్తిని గుమ్మం బయట మట్టిలో గుచ్చి ఆర్పి, సంచీ భుజాన తగిలించుకుని వెళ్ళిపోయాడు.

సాయంత్రానికి తమ్ముడొచ్చాడు. అడిగితే అసలు సంగతి బయటపెట్టాడు. పలకలు తక్కువ పడ్డాయట. వెనక గది చిన్నదే కదా, ఫ్యాను ఉంటుంది కదా, ఎవరు చూడొచ్చారులే అని పెంకులు పరిచేశాడట. "నువ్వే కదక్కా రోజూ పొద్దున్నే వచ్చి, ఎలాగోలా అయిపోయిందనిపించరా అన్నావు!" అని ఎదురు తిరిగాడు. మిషనక్క తల తిప్పి అత్తగారి మంచంకేసి చూసింది. తను పోరింది ఎవరి కోసం? చివరికి లైనింగు లేకుండా పోయింది ఎవరి గదికి? ఆవిడకి ఏడుపు ఆగలేదు.

రేకుల కింద మంచమ్మీద పడుకుని విసనకర్ర ఊపుకుంటున్న అత్తగారు అక్కాతమ్ముళ్ళ వాదన అంతా విన్నది. "ఏడుపెందుకే పిల్లా? కుట్టు తప్పు పడింది. విప్పి కుట్టు" అంది. అంతే.

విప్పారు. తమ్ముడు తప్పుకి తగ్గట్టు తెల్లారకముందే వచ్చి, ఎండ నెత్తికెక్కేదాకా పెంకులు తీశాడు. పలకలు వచ్చేదాకా అత్తగారి మంచం చుట్టూ తడిగుడ్డలు కట్టి, మిషనక్క మిషను పక్కనబెట్టి విసురుతూ కూర్చుంది. అన్ని పనులూ మానుకుని కూర్చున్న ఆ రోజులు గుర్తొస్తే ఇప్పటికీ ఆవిడ చెయ్యి దానంతటదే ఊగుతుంది. పలకలొచ్చాయి, పరిచారు, పెంకులు మళ్ళీ వేశారు. కిటికీల సందుల్లో వెయ్యాల్సింది వేసి పూడ్చారు. కబురు పెట్టిన మర్నాడే సారు వచ్చాడు. పొగ నిటారుగా లేచింది. దారమేమీ వేలాడలేదు. ఆయన సంతకం పెట్టి, "మీ అత్తగారిని జాగ్రత్తగా చూసుకోండి" అని మాత్రం అన్నాడు. మిషనక్క థాంక్సు కూడా చెప్పలేదు. కోపం ఇంకా చల్లారలేదు మరి.

కొత్తింట్లోకి మారీ మారగానే ఎండలు విరుచుకుపడ్డాయి. అలాంటి ఎండలు ముసలివాళ్ళు కూడా చూడలేదన్నారు. పెద్ద కరెంటు స్తంభం ఏదో కూలి ఊరంతటికీ కరెంటు పోయింది. మర్నాడూ రాలేదు, ఆ మర్నాడూ రాలేదు. ఫ్యాన్లు ఆగిపోయాయి. పాత రేకుల వరసలో ఒక్కో ఇంటినించీ ఎవరో ఒకరు ఆస్పత్రికి పోతున్నారని కబుర్లు. మిషనక్క పొయ్యి దగ్గరికీ వెనక గదికీ మధ్య కాలుగాలిన పిల్లిలా తిరిగింది. అత్తగారు ఊపిరి తీస్తోందా లేదా అని వంగి చూడ్డం, నుదురు తాకి చూడ్డం. నుదురు మామూలుగానే ఉంది. గదిలో ఉక్క లేదని కాదు, కానీ అది మనిషి ఓర్చుకోగల ఉక్క. గోడ మీద చెయ్యి పెడితే కాలలేదు.

మూడోరోజు తెల్లవారుజామున కిటికీలన్నీ తీసి పెడితే బయటి చల్లదనం లోపలికొచ్చింది. తలుపు దగ్గర కునుకుతున్న మిషనక్కకి వెనక గదిలోంచి అత్తగారి గొంతు వినిపించింది. ఉలిక్కిపడి పరిగెత్తింది.

"ఏంటత్తయ్యా? ఏమైంది?"

"చలేస్తోందే. ఆ దుప్పటి ఇటు పడెయ్యి" అంది అత్తగారు విసుగ్గా.

మిషనక్క దుప్పటి తెచ్చి కప్పింది. కప్పి, ఆ మంచం కోడు పట్టుకుని నేలమీద కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది. "దుప్పటడిగితే ఏడుస్తావేంటే, ఉతకలేదా?" అని అత్తగారు. ఏడుస్తూనే నవ్వింది కోడలు. ఆ క్షణాన ఆవిడకి కళ్ళముందు కనిపించింది తమ్ముడూ కాదు, మొగుడూ కాదు. చేతుల్లో నీలం గుడ్డపీలికల పోగుతో నిలబడ్డ అగరొత్తి సారు. ఆయన ఆ రోజు జాలిపడి సంతకం పెట్టి ఉంటే ఈ దుప్పటి దేనికి కప్పవలసి వచ్చేదో తలుచుకోవడానికే భయం వేసింది.

కరెంటు వచ్చాక ఆయన ఆఫీసుకి వెళ్ళింది, నాలుగు మంచిమాటలు చెబుదామని. ఆయన రిటైరయ్యారన్నారు. ఇల్లెక్కడో ఎవరికీ సరిగ్గా తెలియదన్నారు. చెప్పని థాంక్సు గొంతులో ముల్లులా పెట్టుకుని తిరిగొచ్చింది.

మళ్ళీ ఏడాది ఎండలు మొదలయ్యాక ఒక మధ్యాహ్నం గుమ్మంలో అగరొత్తి సారు ప్రత్యక్షమయ్యాడు, చేతిలో చొక్కాతో. గుండీ ఊడిందట. మిషనక్క కుర్చీ వేసింది, నీళ్ళిచ్చింది, ఏడాదిగా దాచుకున్న మాటలన్నీ ఒక్కసారిగా చెప్పబోయి, "ఆ రోజు నోరు జారాను సార్. మా అత్తయ్య మీ చలవ వల్లే బతికింది" అని మాత్రం అనగలిగింది. ఆయన సిగ్గుపడిపోయి, "మీరు విప్పి కట్టుకున్నారు కాబట్టి బతికిందమ్మా" అన్నాడు. గుండీ కుట్టడం చిటికెలో పని. ఆయన మాత్రం పొద్దువాలేదాకా లేవలేదు.

మర్నాడు మళ్ళీ వచ్చాడు, ఇంకో చొక్కాతో. ఆ మర్నాడు ప్యాంటు. తరవాత మళ్ళీ గుండీ. ఈసారి మిషనక్క అలవాటుకొద్దీ చొక్కా తిరగేసి చూసింది. గుండీ ఊడినచోట దారప్పోగులు అరిగి తెగినవి కావు. బ్లేడుతో నున్నగా కోసినవి. తలెత్తి సారుకేసి చూసింది. ఆయన కుర్చీలో తల వెనక్కి వాల్చి, మొహం మీద చెమట ఆరుతుంటే హాయిగా కళ్ళు మూసుకుని ఉన్నాడు.

"సారూ, మీ ఇల్లెక్కడండీ?" అని మెల్లిగా అడిగింది.

ఆయన కళ్ళు తెరవకుండానే చెప్పాడు. "పాత బిల్డింగమ్మా. పై అంతస్తు. పైన రేకులు. మా రూలు కొత్త ఇళ్ళకే కదా."

మిషనక్క చేతిలో సూది ఆగిపోయింది. మీ ఇంట్లో మీరు చల్లగా పడుకుంటారు అని తను అన్న మాట చెవుల్లో గింగురుమంది. ఆ రోజు ఆయన ఏం అనబోయి ఊరుకున్నాడో ఇప్పుడు తెలిసింది. ఊరందరి నెత్తి మీదా నీడ సరిచూసిన మనిషి, ఇన్నేళ్ళూ రేకుల కిందికే వెళ్ళి పడుకున్నాడు. గుండీ కుట్టి, దారం కొరికి, చొక్కా మడిచి ఆయన ఒళ్ళో పెట్టింది. "మంచి చొక్కా సార్, పాపం దాన్నేం కొయ్యకండి. రేపట్నించి ఊరికే రండి. ఈ కుర్చీ మీదే" అంది.

సారు దొరికిపోయిన దొంగలా ఒక కన్ను తెరిచి చూశాడు. "దారం పట్టుకున్నారా?" అన్నాడు.

"మీరు నేర్పిందే కదండీ."

ఆ ఎండాకాలమంతా మధ్యాహ్నం అయ్యేసరికి ఆయన వచ్చేవాడు. వెనక గదిలో అత్తగారి మంచం పక్కన ఆయన కుర్చీ. మొదట్లో ఇద్దరూ ఎవరి కాలంలో ఎండలెక్కువో వాదించుకునేవాళ్ళు. వాదన తేలకుండానే ఆయన నిద్రపోయేవాడు. ఆయన నిద్రపోగానే మిషనక్క కూడా మిషను ఆపి చేతికుట్టు పని ముందేసుకునేది. ఆకలిదప్పులకి ఆగని మిషను ఆయన నిద్రకి ఆగేది.

ఒకరోజు సన్నగా వాన పడి గది మరీ చల్లబడింది. కుర్చీలో సారు చేతులు ముడుచుకుని పడుకున్నాడు. అత్తగారు మంచమ్మీంచి తల తిప్పి చూసి, కోడలికి వినబడేలా గుసగుసగా కేకేసింది.

"ఒసే పిల్లా, ఇంకో దుప్పటి తే. పాపం, ఆయనక్కూడా చలేస్తోంది."